కల్చర్ రూము లాజరు

సబ్బునీళ్ల తొట్టిలో ఫ్లాస్కు అడుగును బ్రష్షుతో తిప్పి తిప్పి తోముతుండగా లోపలి గదిలో ఫ్లాస్కులను ఊపే మిషను, షేకర్, ఆగిపోయింది. లాజరు చేయి కూడా ఆగింది. తల తిప్పి చూశాడు. పైన ఫ్యాను రెక్కలు నెమ్మదించి, ఒకసారి వెనక్కి వణికి, నిలిచిపోయాయి. కరెంటు పోయింది.

నిన్న సాయంత్రం బోధన్ మీద పెద్ద గాలిదుమారం లేచింది. సాలూర రోడ్డు పొడవునా స్తంభాలు ఒరిగిపోయాయి. లైన్‌మెన్లు ఎలాగో తీగలు కలిపి పొద్దుటికి కరెంటు ఇచ్చారు. అది ఎన్నో గంటలు నిలవదని లాజరుకు తెలుసు. అందుకే తెల్లవారగానే వచ్చి, తొందర తొందరగా పనులు చక్కబెట్టుకుంటున్నాడు. ఫ్లాస్కును తొట్టి గట్టు మీద బోర్లించి, చేతులు లుంగీకి తుడుచుకుని, చెప్పులు గడప బయట విడిచి కల్చర్ రూములోకి పోయాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. పొడుగు మనిషి. ఆ పొడుగు ఇప్పుడు భుజాల దగ్గర వంగిపోయింది. ముంజేతుల మీద గాజుసామాను ఉడికించే ఆటోక్లేవ్ ఆవిరి కాల్చిన మచ్చలు. వేలి గీతల్లో, గోళ్ల అంచుల్లో ఎంత రుద్దినా పోని నలుపు. అది లిగ్నైట్ పొడి. రైతులకు పోయే ప్యాకెట్లలో సగానికి పైగా ఉండేది ఆ నల్లటి బొగ్గుపొడే. ఏళ్ల తరబడి దాన్ని జల్లించి జల్లించి లాజరు ఛాతీ డబ్బాలా ఉబ్బిపోయింది. ఊపిరి తీస్తే లోపలెక్కడో సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. నిజామాబాద్ పెద్దాసుపత్రి డాక్టరు ఆ పొడి దగ్గరికే పోవద్దన్నాడు. మరి పని ఏముందో డాక్టరు చెప్పలేదు.

గదిలో షేకర్ బల్ల మీద ముప్పైకి పైగా ఫ్లాస్కులు, క్లిప్పుల్లో బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. దూది మూతల కింద పలుచటి పాలలాంటి ద్రవం. ఇంతసేపూ గుండ్రంగా సుడి తిరుగుతూ ఉన్నది ఇప్పుడు నిలిచి చదునైంది. వారం కింద అందులో వేసిన చిటికెడు విత్తనపు కల్చర్ ఈ వారంలో కోట్లకు కోట్లు అయింది. సోయా చిక్కుడుకు పోయే బ్యాక్టీరియా అది.

చేరిన కొత్తలో ముసలి సారొకరు లాజరుకు చెప్పారు. గాలినిండా నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తినలేదు. ఈ కంటికి కనిపించని జీవాలు సోయా వేళ్లలో కాపురం పెట్టి, గాలిలోని నత్రజనిని పట్టి, మొక్క తినగలిగే రూపంలోకి మార్చి పెడతాయి. బదులుగా మొక్క వాటికి కొంత తీపి ఇస్తుంది. ఆ సారు మాటల్లో లాజరుకు సగం అర్థమైంది. ఆ సగాన్నే అప్పటినుంచీ రైతులకు తన మాటల్లో చెబుతూ వచ్చాడు. అంతకుముందు అతను చక్కెర మిల్లు ల్యాబులో గాజుసామాను కడిగేవాడు. మిల్లు మూతపడి, చుట్టుపక్కల చెరకు పోయి, ఆ మళ్లలో వరీ సోయా దిగాక, ఊరి చివర ఈ రేకుల షెడ్డులో జీవన ఎరువుల యూనిట్ పెట్టినప్పుడు, గాజు పగలకుండా కడగడం వచ్చిన మనిషి అని లాజరును పిలిచారు. చేతులు మాత్రం అదే పని చేస్తూ వచ్చాయి.

గోడకున్న థర్మామీటరు వైపు చూశాడు. ఇంకా ఎండ ఎక్కలేదు. ఎక్కితే రేకుల వేడి పక్కగదిలోంచి ఇటు దిగుతుంది. ఈ జీవాలకు రెండూ కావాలి, చల్లదనమూ గాలీ. ఊపు ఆగితే అడుగున ఉన్నవాటికి గాలి అందదు.

గోనెసంచులు తడిపి కిటికీలకు కట్టాడు. రెండు సంచులు కట్టేసరికే గోడకు చేయి ఆనించి నిలబడాల్సి వచ్చింది. జేబులోంచి పీల్చే మందు తీసి నోట్లో పెట్టుకుని నొక్కాడు. బుస్సుమని గాలి మాత్రమే వచ్చింది. డబ్బాను చెవి దగ్గర ఆడించి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

యూనిట్ నడిపించే వేణుకు ఫోన్ చేశాడు. వేణు నిజామాబాద్‌లో ఉంటాడు. ముప్పై దాటని మనిషి, నెమ్మదస్తుడు, ఎప్పుడూ లాజరు మీద గొంతు పెంచి ఎరగడు. జనరేటర్ పంపమని లాజరు అడిగాడు. జనరేటర్ యూనిట్ యజమాని సేటుకున్న ఫంక్షన్ హాలులో ఉందనీ, పెళ్లిళ్ల వరుస అయ్యేదాకా రాదనీ వేణు చెప్పాడు. ఎల్లుండి పోయే ప్యాకెట్ల లోడ్ మాత్రం ఆగడానికి వీల్లేదన్నాడు.

"సార్, కరెంటు రాకుంటె గివి పోతయ్," అన్నాడు లాజరు.

వేణు మెల్లగా అన్నాడు: "పోతే పోనీ అన్నా. పొడిల కలిపినంక ఎవలు సూస్తరు?"

లాజరు ఫోన్‌ను చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయాడు. అటు పెట్టేసిన చాలాసేపటికి గానీ దించలేదు.

చూసేవాళ్లు ఉంటారు. కిందటేడు ప్యాకెట్ల లారీ ఒకటి ఎర్రటి ఎండలో రోజుల తరబడి నిలిచిపోయింది. లోపలి జీవం లోపలే చచ్చింది. ఆ సంగతి ఎవరూ రైతులకు చెప్పలేదు. ఆ ప్యాకెట్లు కోటగిరి రాజనర్సు చేనుకు పోయాయి. సోయా పసుపురంగుకు తిరిగి, మోకాలెత్తుకు రాకముందే గిడసబారింది. రాజనర్సు వచ్చాడు. తిట్టలేదు, కొట్లాడలేదు. షెడ్డు ముందు చాలాసేపు కూర్చున్నాడు. పోయేముందు, "నువ్వు చెప్పినవని యూరియా ఎయ్యలే, లాజరన్నా," అన్నాడు. దసరా తర్వాత అతను దుబాయికి పోయాడని తెలిసింది. నలభై అయిదేళ్ల వయసులో, కంకర ఎత్తే పనికి. అప్పటినుంచీ లాజరు చర్చిలో ముందు వరసలో కూర్చోవడం మానేశాడు. పాస్టరు కారణం అడిగితే, దగ్గొస్తుందని చెప్పాడు.

ఫోన్ గూట్లో పెట్టి, క్లిప్పుల్లోంచి రెండు ఫ్లాస్కులు తీసి, చేతికొకటి పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు.

మొదట్లో వీలుగానే ఉంది. మణికట్టుతో గుండ్రంగా తిప్పితే లోపల ద్రవం సుడి తిరిగి, అంచుల దాకా లేచి, తేలికగా నురగ కట్టింది. రెండూ అయ్యాక వాటిని పెట్టి ఇంకో రెండు. ఆ వరస చివరికి వచ్చేసరికి మొదటివి మళ్లీ నిలిచిపోయి ఉన్నాయి. మళ్లీ మొదటికి పోయాడు. మధ్యలో సంచులు తడిపాడు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే, సాయంత్రం లోపల చెప్పలేమన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఈల చప్పుడు పెద్దదైంది. ఊపిరి లోపలికి పోవడానికి అభ్యంతరం లేదు, బయటికి రావడానికే మొరాయిస్తోంది. రెండు ఊపులకొకసారి ఆగి, పెదవులు సున్నాలా ముడిచి గాలి వదిలి, మళ్లీ ఊపాడు.

పొద్దెక్కి ఎండ షెడ్డు గోడ దిగుతుండగా గంగవ్వ వచ్చింది. కందకుర్తి ఆమెది. గోదావరి ఒడ్డున రెండెకరాలు కౌలుకు చేస్తుంది. భర్త పోయాక కౌలు కాగితం తన పేరున రాయించుకోవడానికి ఎంతమంది కాళ్లావేళ్లా పడిందో లాజరుకు తెలుసు. కిందటి రెండేళ్లూ వరి వేసింది. యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి, ఎండలో నిలబడి, దొరికీ దొరకకా అదను పోగొట్టుకుంది. ఈసారి లాజరు మాట విని సోయా వేస్తానంది. ఆ మట్టిలో ఎన్నడూ సోయా పడలేదు. ఈ కల్చర్ లేకపోతే అందులో వేళ్లను పట్టే జీవం ఒక్కటీ లేదు. ఈ పంట కూడా పోతే ఆసామి భూమి తిరిగి తీసుకుంటాడు. తర్వాత ఇటుక బట్టీయే.

ఆమె గడప దగ్గరే నిలబడి, ప్యాకెట్లు తయారయ్యాయా అని అడగబోయి, లాజరు చేతులు చూసి ఆగింది.

"ఏందన్నా, గట్ల ఊపుతున్నవ్?"

"కరెంటు లేదు సెల్లె. ఊపకుంటె సస్తయ్." మాటకూ మాటకూ మధ్య గాలి తీసుకున్నాడు. "నీ సేనుకు పొయ్యేటియే."

గంగవ్వ ఒక్క క్షణం ఆ పాలనీళ్లను చూసింది. సంచి మూలన పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చింది. ఫ్లాస్కుల్ని రెండు రెండుగా ఊపడం ఆమెకు నచ్చలేదు. బయట ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తెచ్చి, అడుగున తడిగోనె పరిచి, ఎనిమిదింటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టింది. టబ్బును ఒళ్లో పెట్టుకుని, బియ్యం జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ తిప్పింది. లాజరు నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చాలాసేపు ఊపారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. నదిలో నీళ్లెంత ఉన్నాయో లాజరు అడిగాడు. మంజీర వైపు ఇసుకే ఉందని ఆమె చెప్పింది. ఒకసారి చేతులు ఆపకుండానే, ఇవి నిజంగా బతికే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయని అబద్ధం చెప్పవచ్చు. లాజరు చెప్పలేదు.

"నాకు ఎర్క లేదు. కొన్ని ఉన్నయేమో."

మధ్యాహ్నం రెంజల్ మీదుగా పోయే బస్సు అందకపోతే ఆమెకు ఇల్లు చేరే దారి లేదు. లేచేటప్పుడు టబ్బును జాగ్రత్తగా అతని ముందుకు జరిపింది. ఎల్లుండి ప్యాకెట్ల కోసం మనిషిని పంపిస్తానంది. గడప దాటి వెనక్కి తిరిగి, నీలం తిరిగిన అతని పెదవులు చూసి, నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఒక్కడే ఊపాడు. టబ్బును ఒళ్లో ఎత్తి పట్టుకునే బలం లేదు. నేల మీదే పెట్టి, దాని అంచు పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగాడు. థర్మామీటరు వైపు చూడటం మానేశాడు. కిటికీ సంచులు ఆరి గట్టిపడ్డాయి. వాటిని తడపడానికి లేవాలి. లేస్తే టబ్బు ఆగుతుంది. ఏది ముందు చేయాలో తేల్చుకోలేక చాలాసేపు అలాగే ఊగాడు. ఒక ఫ్లాస్కు దూది తీసి వాసన చూశాడు. పులుపు. చెడిపోయినట్టే. దాన్ని గోడ వారకు పెట్టాడు. ఇంకొకటి చూశాడు. దానిలో ఆ తడిమట్టి లాంటి వాసన ఇంకా ఉంది. ఆ తర్వాత దేన్నీ తీసి చూడలేదు.

భార్య ప్రిస్కిల్లా అన్నం డబ్బాతో వచ్చేటప్పటికి అతను గోడకు తల ఆనించి, ఒక చేత్తో టబ్బు అంచును కదుపుతూ ఉన్నాడు. ఆమె ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. పొగాకు ధూళికి ఆమెకూ దగ్గే. ముప్పై ఏళ్ల కాపురంలో పిల్లలు కలగలేదు. పక్క పక్కన పడుకుని ఒకరి దగ్గు ఒకరు వింటూ నిద్రపోవడం ఇద్దరికీ అలవాటు. ఆమె ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు. చెప్పులతో రాకూడదని, దేన్నీ ముట్టకూడదని అతను చెప్పిన మాటకు భయపడి గడప బయటి నుంచే డబ్బా ఇచ్చి పోయేది. ఇప్పుడు లోపలికి వచ్చి అతని గడ్డం పట్టి ఎత్తి చూసింది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"నడువ్, దవాఖానకు పోదం."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నీకే గాలి ఆడ్తలేదు. వాటికి గాలి పోస్తవా?" ఆమె కొంగుతో అతని నుదురు తుడిచింది. "గా సీసలు నీకేం పెట్టినయయ్యా? ఛాతీ పాడుచేసుడు తప్ప?"

"రాజనర్సుకు జెప్పిన ప్రిస్కిల్లా. గంగవ్వకు గూడ నేనే జెప్పిన," అన్నాడు. ఆ నాలుగు మాటలకూ మూడుసార్లు ఆగాడు.

ఆమె లేచింది. ఆటో కోసం రోడ్డు మీదికి పోయి చూసి వచ్చింది. ఒరిగిన స్తంభాలు మధ్యాహ్నం కూలి, ఊళ్లోకి పోయే రోడ్డు మూసుకుపోయింది. పొద్దు వాలితే గానీ ఆటోలు రావన్నారట. తిరిగి వచ్చి అన్నం డబ్బా మూత తీసింది. అతను ఒక ముద్ద తిని నీళ్లు తాగాడు. అతని చేయి మళ్లీ టబ్బు మీదికి పోతుంటే ఆ చేతిని తీసి అతని ఒళ్లో పెట్టి, టబ్బు తనే అందుకుంది. ఎంత జోరుగా ఊపాలో, దూది తడవకుండా ఎలా పట్టుకోవాలో అతను చూపించాడు. కరెంటు వస్తే ఫ్లాస్కు మెడను క్లిప్పులోకి ఎలా తొయ్యాలో కూడా చూపించాడు. అన్నీ ఓపికగా, ఉన్న కాస్త గాలిలోనే చెప్పాడు.

"జరంత గాలికి కూసుంట," అని లేచాడు. గోడ పట్టుకుని నడిచి, పడమటి వైపు నీడలో లిగ్నైట్ సంచి మీద కూర్చున్నాడు. తెరిచిన తలుపులోంచి అతని వీపు ఆమెకు కనిపిస్తూనే ఉంది. చొక్కా మీద చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది.

ప్రిస్కిల్లా ఊపింది. రోజూ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషికి ఆ కూర్చోవడం కొత్త కాదు. గాజు పగులుతుందనే భయం మాత్రం ఉంది. కాసేపటికి భయం తగ్గింది. ఆదివారం పాటల్లో ఒకదాని రాగం గొంతులోనే తీసుకుంటూ ఊపింది. ఎనిమిది అయ్యాక ఇంకో ఎనిమిది. మధ్యమధ్య తల ఎత్తి బయటికి చూసింది. అతను గోడకు ఆని ఉన్నాడు. నిద్రపట్టినట్టుంది, పట్టనీ అనుకుంది. ఈమధ్య పడుకుంటే ఊపిరాడక రాత్రిళ్లు కూర్చునే ఉంటున్నాడు.

నీడలు సాగి రోడ్డు దాటే వేళకు కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. షేకర్ బల్ల ఒక్కసారి జర్రుమని ఉలికిపడి తిరగడం మొదలుపెట్టింది. ప్రిస్కిల్లా దడుచుకుని, తర్వాత నవ్వింది. స్విచ్చి ఆపి, అతను చూపించినట్టే ఫ్లాస్కుల్ని ఒక్కొక్కటిగా క్లిప్పుల్లోకి తోసి, అన్నీ గట్టిగా కూర్చున్నాయో లేదో తడిమి చూసి, మళ్లీ స్విచ్చి వేసింది. పాలనీళ్లు సుడి తిరిగాయి. ఒక్కటీ పగలలేదు. ఆ సంగతి చెబుదామని చేతులు తుడుచుకుంటూ బయటికి పోయింది.

"కరెంటొచ్చింది. అన్ని పెట్టిన, సూడు పో."

అతను కదలలేదు. ఆమె ముందుకు వచ్చి అతని మొహం చూసి, పక్కన ఉన్న సంచి మీద కూర్చుండిపోయింది. చేయి పట్టుకుంటే చల్లబడి ఉంది. ఎంతసేపటి కింద పోయాడో ఆమెకు తెలియలేదు. తను పాట తీసుకుంటున్నప్పుడా, ఫ్లాస్కులు పెడుతున్నప్పుడా అని తర్వాత చాలా రోజులు ఆలోచించింది.

మర్నాడు మెథడిస్టు శ్మశానంలో సమాధి చేశారు. వేణు వచ్చాడు. పెట్టెకు భుజం కూడా ఇచ్చాడు. అక్కడినుంచి నేరుగా యూనిట్‌కు పోయి, ఇద్దరు కూలీలను పెట్టి, షేకర్ మీది ఫ్లాస్కులనూ గోడవారన ఉన్న పులిసినదాన్నీ కలిపి ఒకే డ్రమ్ములో పోయించి, పొడిలో కలిపించాడు. లోడ్ చెప్పిన రోజుకే పోయింది. సీజను అయ్యాక యూనిట్‌కు తాళం పడింది.

శ్రావణంలో ఒక ముసురు పొద్దున గంగవ్వ లాజరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. యూనిట్ దగ్గర ఎవరూ లేకపోతే పక్కన చాయ్ హోటల్‌లో అడిగిందట. సంగతి అక్కడే తెలిసింది. గడపలో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ప్రిస్కిల్లా ఎదుట చాలాసేపు నిలబడింది. తర్వాత కూర్చుని, కొంగు చాటున దాచుకొచ్చిన తడి పేపరు విప్పింది. వేళ్లతో సహా పెకలించిన సోయా మొక్క. పంట ఎట్లా వచ్చినా సరే, ఒక మొక్క పీకి తెచ్చి చూపించమని లాజరు చెప్పాడట.

చేను మంచిగా లేదని గంగవ్వ చెప్పింది. సగానికి సగం పసుపుబారి, కళ తప్పి నిలబడింది. ఆసామి వచ్చి చూసి పోయాడు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మంచిది కాదని ఆమెకు తెలుసు. కాలువ పక్క భూమి చెక్కలో మాత్రం ఆకు ముదురు పచ్చగా, నిండుగా ఉంది. ఈ మొక్క అక్కడిదే.

"గిక్కడ సూడక్క," అని వేళ్లు పాయ తీసి చూపించింది. జొన్నగింజంత బుడిపెలు మూడు. "గుత్తులు గుత్తులు కట్టాల్నన్నడు. మూడే కట్టినయ్."

ఒకదాన్ని గోటితో తుంపి ప్రిస్కిల్లా అరచేతిలో పెట్టింది. చిదిమి చూడమంది. లోపల తెల్లగుంటే ఉత్తదేనని, ఎర్రగుంటే పురుగు బతికి పనిచేస్తున్నట్టని లాజరు చెప్పాడంది. ప్రిస్కిల్లా బొటనవేలితో నొక్కింది. పగిలి, గోటి కింద కొద్దిగా తడి అంటింది. ఎరుపు. కోసిన వేలి నుంచి వచ్చినంత ఎరుపు.

ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. వాన జోరందుకుంటుందేమోనని గంగవ్వ లేచింది. దసరా తర్వాత బట్టీకి పోక తప్పదేమోనని, తనలో తను అనుకున్నట్టు అని, మొక్కను అక్కడే వదిలి వెళ్లింది.

సాయంత్రానికి దాని ఆకులు వాలిపోయాయి. వేళ్లకు పట్టిన నల్లమట్టి ఆరి పొడిపొడిగా బీడీల చాటలో, తునికాకు ముక్కల మీద రాలింది. సన్నటి వేరు మీద, చిదమని రెండు బుడిపెలు ఇంకా అంటుకునే ఉన్నాయి.